చెంచమ్మ అడిగే మాట

తూర్పు డొంక చివర కంప కొట్టి మూసేసిన పాత మోటబావి ఉందే, చెంచమ్మ బావి, అటు ఎవరూ పోరు. గొడ్లు కాసేవాళ్ళు కూడా మధ్యాన్నం పూట అటు మళ్ళించరు, గడ్డి మోకాలెత్తు పెరిగి ఉన్నా సరే. ఊళ్ళోకి కొత్త కోడలు వచ్చిందంటే ముందు మంచినీళ్ళ పంపు ఎక్కడో చూపించి, ఆ తర్వాత ఆ బావి ఎక్కడో చూపించి, అటు పోబాకమ్మా అని చెప్పటం ఇక్కడి మర్యాద. ఎందుకు పోకూడదు అని అడిగితే మాత్రం ఒక్కొక్కళ్ళు ఒక్కో రకంగా చెబుతారు. జుట్టు విరబోసుకుని ఉంటదంట, పాదాలు వెనక్కి తిరిగి ఉంటయ్యంట, ఒళ్ళో బిడ్డ ఉంటదంట. అంతా సోది. అసలు సంగతి ఇవాళ చెబుతా వినండి, చేతులు మాత్రం ఆపబాకండి, ఈ మిరపకాయలన్నిటికీ తొడాలు తీస్తేగానీ ఎవరూ లేవటానికి లేదు.

ముందు ఒక్క మాట. ఒరే ఏడుకొండలూ, ఆ గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకున్నవాడా, నీ పెళ్ళాం కాన్పయి ఎన్నాళ్ళయింది? పద్దెనిమిది రోజులా. ఇందాక నువ్వొచ్చేటప్పుడు అడిగాను, ఆ పిల్ల అన్నం తిన్నదా అని. నువ్వేమన్నావు? తినే ఉంటదిలే అవ్వా అన్నావు. సరే, ఆ మాట అట్టా పక్కన పెట్టు, దాంతో మనకి పనుంది.

నాంచారమ్మ అని ఉండేది, యలమంద పెళ్ళాం, బసవపున్నమ్మ కోడలు. ఊళ్ళోకి కరెంటు అప్పుడప్పుడే వచ్చిన రోజులు. సన్నగా పొడుగ్గా ఉండేది మనిషి, మిరపతోటలో సాలు పట్టిందంటే ఇద్దరి పని ఒక్కతే చేసేది, నోట్లో పాట ఆగేది కాదు. మొదటి కాన్పు పుట్టింట్లో, ఆడపిల్ల, ఏ ఇబ్బందీ లేదు, నెల తిరక్కుండానే లేచి తిరిగింది. రెండోది అత్తగారింట్లో అయింది, ఇదిగో ఇట్టాంటి రోజుల్లోనే, తోటలు ఎర్రగా పండి కోతకొచ్చిన సమయం. మగబిడ్డ. ఇంక చూడండి, బసవపున్నమ్మ వీధి వీధికీ బెల్లం పంచింది, యలమంద మీసం దువ్వుకుంటా ఊరంతా తిరిగాడు, పిల్లోడు ఎవరి పోలికో అని తగువులాడుకున్నారు, మరి కన్నది ఎట్టా ఉందిరా అని అడిగినవాడు ఒక్కడు లేడు.

అప్పట్లో బాలింత గదంటే మీకేం తెలుసు. కిటికీకి గోనెపట్టా, మూలన కుంపటి, సాంబ్రాణి పొగ, తలకి గుడ్డ, చెవుల్లో దూది, నడుముకి ఊపిరాడకుండా చుట్టిన పాత చీర, తలగడ కింద దెయ్యాలు రాకుండా కొడవలి. పొద్దున్నే కాయం మందు ముద్ద, మధ్యాన్నం పాతబియ్యపు అన్నంలో వెల్లుల్లి కారం, రాత్రికి ఏమీ లేదు. అన్నిటికన్నా ముఖ్యం నీళ్ళు. బాలింతకి నీళ్ళు ఇవ్వకూడదు. తాగితే పొట్ట జారిద్దంట, ఒళ్ళు నీరు పట్టిద్దంట, బిడ్డకి రొంప చేసిద్దంట. రోజు మొత్తానికి ఒకే గ్లాసు, అదీ కాచి చల్లార్చి, అన్నం తిన్న గంటకి. ఆ పద్ధతి ఎవరు పెట్టారో నాకు తెలియదు గానీ, పెట్టినవాళ్ళు ఒక్కరోజు కూడా వెల్లుల్లి కారం తిని, చంటిబిడ్డకి పాలిచ్చి, గ్లాసెడు నీళ్ళతో గడిపి ఉండరు, అది మాత్రం ఏ గుడి ముందైనా చెబుతా.

బసవపున్నమ్మ చెడ్డదని నేను అనను. కాయం తన చేత్తో నూరింది, ఒళ్ళు కాచింది, కోడలు దొంగచాటుగా నీళ్ళు తాగి ఎక్కడ ప్రాణం మీదికి తెచ్చుకుంటదోనని గదిలో ఉన్న చెంబు తీసి అటక మీద పెట్టింది. ప్రేమతోనే పెట్టింది. తన అత్త తనకి చేసింది, తను కోడలికి చేసింది, మధ్యలో ఆగి ఇది ఎందుకు అని ఆలోచించటానికి ఆ ఇంట్లో ఎవరికీ తీరిక లేదు, కాయలు రాలిపోతున్నయ్యి గదా.

ఇక నాంచారమ్మకి ఏమైందంటే, ఏమైందో ఆమెకే తెలియలేదు. మొదటి వారం ఏడుపు వచ్చేది, ఎందుకో తెలియదు, అన్నం కంచం చూస్తే ఏడుపు, గోడ మీద బల్లిని చూస్తే ఏడుపు. రెండో వారానికి ఆ ఏడుపు కూడా పోయింది. అది పోవటమే అసలు భయం అని ఆమె తర్వాత నాతో అన్నది, తోటలో పక్కపక్క సాళ్ళలో కాయ కోసేటప్పుడు అన్నీ చెప్పింది లెండి, లేకపోతే ఇదంతా నాకెట్టా తెలుసు. పిల్లోడు ఏడిస్తే ఆ ఏడుపు పక్కింట్లోంచి వినపడినట్టు ఉండేదంట. ఒళ్ళో పెడితే పాలిచ్చేది, తీస్తే ఊరుకునేది, వాడి మొహం చూస్తే వాడెవరో తెలిసేది గానీ వాడు తన వాడు అనిపించేది కాదంట. వాడు నిద్రపోయినా తనకి నిద్ర పట్టేది కాదు, కళ్ళు మూసుకుంటే గుండె దడదడ, తెరిస్తే ఆ గోనెపట్టా, ఆ పొగ. ఇట్టా ఎన్ని రాత్రులు? లెక్క పోయిందంట.

చెప్పలేదా అంటారేమో. చెప్పిందమ్మా. ముందు అత్తకి చెప్పింది, అత్తా నాకేదో అవుతోంది, నాలో నేను లేను అని. దానికి బసవపున్నమ్మ, మగబిడ్డని ఎత్తుకుని ఏడిస్తే చూసేవాళ్ళు ఏమనుకుంటారే, ఇంకేం తక్కువైంది నీకు అన్నదంట. సరే అని మొగుడికి చెప్పింది. యలమంద గుమ్మం బయట నిలబడి, లోపలికి రాకూడదుగా మైలాయె, గుమ్మం బయటే నిలబడి విన్నాడు, విని, లోకంలో నువ్వొక్కదానివే కన్నావా ఏంది అన్నాడు. తోటలో కూలోళ్ళు ఎదురుచూస్తున్నారని పోయాడు. పదకొండో రోజు పురిటి స్నానానికి తల్లి వచ్చింది, తల్లితో చెబుదామని ఆ పిల్ల నోరు తెరిచిందంట, చుట్టూ పదిమంది అమ్మలక్కలు, నోరు మూసుకుంది. తల్లి సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది. మన నాంచారి అన్నం తింటున్నదా అని యలమందని దారిలో ఎవరో అడిగితే ఏమన్నాడో తెలుసా? తినే ఉంటదిలే అన్నాడు. విన్నావా ఏడుకొండలూ. ఇన్నేళ్ళకి కూడా ఒక్క అక్షరం మారలేదు.

కోపం రాదా మరి? నాకొస్తది. ఇంట్లో గేదె ఈనితే రాత్రంతా దాని పక్కన మంచం వేసుకుని పడుకుంటారు, మాయ పడిందా లేదా, కుడితి తాగిందా లేదా, నెమరు వేస్తున్నదా లేదా, నాలుగిళ్ళు తిరిగి అడుగుతారు. అదే ఆడమనిషి కంటే గది తలుపు దగ్గరికి వేసి పోతారు. గేదెకి తొట్టినిండా నీళ్ళు పెట్టి దీనికి గ్లాసెడు కొలిచి పోసినవాళ్ళు, వాళ్ళా మనుషులు? సరే, నన్ను ఆపబాకండి, చెబుతున్నా.

ఇరవై ఒకటో రోజు బావిలో చేద వేసే వేడుక. మీ తరానికి బావులే లేవు, వేడుక ఎక్కడుంటది. బాలింత ఇరవై ఒక్క రోజులు బావిని ముట్టకూడదు, ఆ రోజు తలంటు పోసి, కొత్త చీర కట్టి, బావి దగ్గరికి తీసుకుపోతారు. ఒరకి పసుపు రాసి, బొట్టు పెట్టి, తాంబూలం పెట్టి, ఆమె చేత బావిలో చేద వేయించి నీళ్ళు తోడిస్తారు. అంటే ఏంటి, ఇంక నీ మైల పోయింది, నీ బాలింతతనం అయిపోయింది, రేపటి నుంచి పొయ్యి దగ్గరికి, పొలానికి పద అని. ఆ రోజు కోసం బసవపున్నమ్మ ఎదురుచూస్తున్నది, కోతకి ఒక చెయ్యి తక్కువైందని.

ఇంటి వెనక బావి దగ్గర ముత్తైదువలు చేరారు, పాట ఎత్తుకున్నారు, నాంచారమ్మ చేద వేసింది. వేసి తాడు పట్టుకుని ఒంగి లోపలికి చూస్తా అట్టాగే నిలబడిపోయింది. పాట అయిపోయింది. తోడమ్మా అన్నారు. తోడలేదు. ఇంకొకసారి అన్నారు. అప్పుడు ఆ పిల్ల, ఎవరితోనో మామూలుగా చెబుతున్నట్టు, ఇక్కడ చల్లగా ఉంది, ఇక్కడే ఉంటా అన్నదంట. పక్కనున్న ఆవిడ గబుక్కున జబ్బ పట్టుకుని వెనక్కి లాగింది. తాడు జారిపోయింది, చేద లోపల పడి మునిగిపోయింది. అంతే, ముత్తైదువలు తాంబూలాలు కూడా తీసుకోకుండా ఎవరిళ్ళకి వాళ్ళు పోయారు, సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది, యలమంద పెళ్ళానికి చెంచమ్మ పట్టింది అని.

చెంచమ్మ ఎవరంటే, ఆ ఇంటి పెద్దకోడలు, బసవపున్నమ్మకి తోడికోడలు. అప్పటికి పాతికేళ్ళ నాటి మాట. కాన్పయిన నలభై రోజులకి మోటబావిలో తేలింది. కాలుజారి పడింది అని ఇంట్లోవాళ్ళు చెప్పారు, ఊరు విన్నది, నమ్మినట్టు తలూపింది. బిడ్డని పుట్టింటివాళ్ళు వచ్చి ఎత్తుకుపోయారు, ఆ నీళ్ళు తాగటం మానేశారు, మోట విప్పేశారు, పేరు పెట్టి దెయ్యం అన్నారు. బతికున్నప్పుడు ఆమెకి ఏమైందని అడిగితే ఊళ్ళో ఎవరికీ తెలియదు. చచ్చాక మాత్రం ఆమె జుట్టు ఎంత పొడుగో, పళ్ళు ఎన్నో, ఏ చెట్టు కింద కూర్చుంటదో అందరికీ తెలుసు.

పొరుగూళ్ళో గురవయ్య అని దెయ్యాలు వదిలించేవాడు ఉండేవాడు, ఆదివారం పొద్దున్నే వస్తానని కబురు పెట్టాడు, నల్లకోడి, గంప మిరపకాయలు, వేపమండలు సిద్ధం చేసి ఉంచమన్నాడు. అది శుక్రవారం. శనివారం మధ్యాన్నం అందరూ తోటకి పోయారు, బసవపున్నమ్మ పిల్లోడిని ఉయ్యాల్లో వేసి ఊపుతా అట్టాగే కునుకు తీసింది. నాంచారమ్మ లేచి బయటికి వచ్చింది. ఎండ కళ్ళలో పొడిచిందంట, ఇరవై రోజులు చీకటి గదిలో మగ్గిన కళ్ళాయె. చెప్పులు లేవు. డొంక పట్టుకుని నడిచి మోటబావి దగ్గరికి పోయింది. ఎందుకు పోయిందీ అని నన్ను అడగబాకండి. దాహానికి పోయానక్కా అనేది నాతో. దాహమే అయితే ఇంటి వెనకే బావి ఉంది గదా. తను లేకపోతే ఈ పిల్లలకీ, ఈ ఇంటికీ పీడ వదిలిపోయిద్దని ఆ పిల్ల మనసు నాలుగు రోజుల నుంచి ఒకటే చెబుతున్నదంట. మనసు అంత పచ్చిగా అబద్ధం చెబుతది, ఆ జబ్బులో. ఇంక మీరే అర్థం చేసుకోండి.

ఒర మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. తలకి గుడ్డ, చెవుల్లో దూది, నడుముకి బిగించిన పాత చీర, అచ్చం తనలాగే. జుట్టు విరబోసుకోలేదు, పాదాలు సరిగ్గానే ఉన్నయ్యి. నాంచారమ్మకి భయం వెయ్యలేదంట, ఎందుకంటే భయపడటానికి కూడా ఒంట్లో ఏదో మిగిలి ఉండాలి గదా. ఆమె ఈమెని కిందనుంచి పైదాకా చూసి, తిన్నావా అని అడిగింది. అంతే. ఆ తర్వాత, పడుకున్నావా అని అడిగింది. ఈ రెండు ముక్కలు ఇరవై రెండు రోజుల్లో ఒక్కళ్ళు అడగలేదు నాంచారమ్మని. ఉగ్గు పెట్టావా, పాలు చాలుతున్నయ్యా, వాడు విరేచనం చేశాడా, అన్నీ వాడి గురించే. తిన్నావా అనేటప్పటికి ఆ పిల్ల అక్కడే కూలబడి, ఎప్పుడో ఆగిపోయిన ఏడుపు మళ్ళీ మొదలుపెట్టి, కడుపులోదంతా ఏడ్చింది.

ఏడవనిచ్చి, అప్పుడు చెంచమ్మ తన సంగతి చెప్పిందంట. నేనూ చెప్పానమ్మా నీలాగే, అత్తకి చెప్పాను, మొగుడికి చెప్పాను, నలభై రోజులు చెప్పాను, కొవ్వెక్కి ఏడుస్తున్నదన్నారు. ఇప్పుడు చూడు, నేను నోరు తెరవకుండానే నాకు నిమ్మకాయలు కోస్తున్నారు, కోళ్ళు కోస్తున్నారు, ఏం కావాలమ్మా అని దణ్ణం పెట్టి అడుగుతున్నారు. ఈ ఊళ్ళో బతికున్నదాని మాటకి విలువ లేదు, చచ్చినదాని మాటకి ఉంది. నువ్వు చావబాక. నా పేరు తీసుకుపో. రేపు వాడు వచ్చి ఎవరే నువ్వు అంటాడు, చెంచమ్మని అను. ఏం కావాలే అంటాడు, అడుగు, కావలసినవన్నీ అడుగు, ఏదీ మిగల్చబాక. అని చెప్పి, ఇంకొక మాట కూడా చెప్పింది, అది ఆదివారం నాటి సంగతిలో వస్తది. నాంచారమ్మ లేచి, వచ్చిన దారినే ఇంటికి వచ్చి గదిలో పడుకుంది. బసవపున్నమ్మ అప్పటికింకా ఉయ్యాల తాడు పట్టుకుని కునుకుతూనే ఉంది.

ఆదివారం పొద్దున గురవయ్య దిగాడు. ఊరు ఊరంతా ఆ వాకిట్లోనే, పిల్ల ఏడిస్తే రాని జనం దెయ్యం ఏడుస్తదంటే ఎట్టా వస్తారో చూడండి. ముగ్గేసి మధ్యలో కూర్చోబెట్టాడు, మిరపకాయల పొగ పెట్టాడు, పచ్చి బాలింతని వేపమండలతో వీపు మీద, భుజాల మీద కొట్టాడు. ఒక్కళ్ళు ఆపలేదు. యలమంద తల తిప్పుకున్నాడంట, అదొక గొప్ప. దగ్గు తెరలు తెరలుగా వస్తుంటే గురవయ్య, ఎవరే నువ్వు, చెప్పు అని గద్దించాడు. నాంచారమ్మ తలెత్తి, చెంచమ్మని అన్నది. ముందు వరసలో జనం రెండడుగులు వెనక్కి వేశారు.

గురవయ్యకి హుషారు వచ్చింది. ఏం కావాలి నీకు, కోడి కావాలా, కల్లు కావాలా, చీర కావాలా అన్నాడు. నీళ్ళు అన్నది. ఏమన్నావు అన్నాడు. నీళ్ళు, చెంబు నిండా, మంచినీళ్ళు అన్నది. బాలింతకి నీళ్ళు పొయ్యకూడదని ఎవరో సణిగారు గానీ, అడిగేది బాలింత కాదాయె, దెయ్యమాయె. తెచ్చారు. గటగటా తాగి చెంబు కింద పెట్టి, ఇంకొకటి అన్నది. అదీ తెచ్చారు. మూడోది సగం తాగి, సగం నెత్తిన పోసుకుంది. ఇక చాలు, దిగి పో అన్నాడు గురవయ్య. అప్పుడే ఏంది, నిద్ర కావాలి అన్నది. దెయ్యాలకి నిద్రేంది అని వాడు నోరెళ్ళబెట్టాడు. పాతికేళ్ళయింది నేను పడుకుని, దీని ఒంట్లో ఉండి పడుకుంటా, పొద్దుగూకింది మొదలు తెల్లారేదాకా పాలకి తప్ప దీన్ని లేపకూడదు, పిల్లోడు ఏడిస్తే యలమంద ఎత్తుకోవాలి, ముడ్డి కడగాలి, భుజాన వేసుకుని తిప్పాలి అన్నది. జనంలో ఎవరో నవ్వారు. ఆమె అటు తిరిగి చూసింది, నవ్వినవాడు నవ్వు మింగేశాడు.

ఇంకా అయిపోలేదు. పుట్టింటి నుంచి దీని తల్లిని పిలిపించాలి, మూడు నెలలు ఇక్కడే ఉండాలి. ఆ కిటికీ గోనెపట్టా చించెయ్యాలి. పేటలో డాక్టరమ్మ ఉందంట, రేపే బండి కట్టి తీసుకుపోవాలి. ఈ ముక్కకి గురవయ్యకి ఎక్కడో కాలింది, నేనుండగా డాక్టరమ్మ ఎందుకు అన్నాడు. నువ్వుండబట్టే అన్నది. సరే తల్లీ, ఆ నల్లకోడి మాటేంటి, కోడి అడగవేంటి అని వాడి బాధ వాడిది, ఏ ఊళ్ళో దెయ్యం దిగినా కోడి వాడి ఇంటికేగా పోయేది. కోడిని కోసి, పులుసు పెట్టి, దీనికే పెట్టండి, ముక్క కూడా బయటికి పోకూడదు అన్నది. గురవయ్య మొహం చూడాలి మీరు.

ఇవన్నీ చేస్తామని ఎవరు మాటిస్తారు అని గురవయ్య చుట్టూ చూస్తే, బసవపున్నమ్మ ముందుకి వచ్చింది, కొంగు నడుముకి దోపుకుని. ఇది నాటకం, దెయ్యం గియ్యం ఏమీ లేదు, పని తప్పించుకోవటానికి ఆడుతున్నది, మేము కనలేదా, మేము పెంచలేదా అని కేకలేసింది. చూశారా ఎంత దగ్గరికి వచ్చి పోబోయిందో. ఆ ఒక్కమాటతో అంతా పోయేదే, గురవయ్య మళ్ళీ మండలు ఎత్తేవాడే. అప్పుడు నాంచారమ్మ అత్త కళ్ళలోకి చూసి, చాలా మెల్లిగా అన్నది. పున్నీ, ఆ రోజు గడప దాకా పాకుతా వచ్చి నీళ్ళడిగాను గదా, చెంబు తీసి అటక మీద పెట్టావు, అత్త చెప్పిందని పెట్టావు, పెట్టి, వెనక్కి తిరిగి ఏడ్చావు, నేను చూశాను, నువ్వు ఏడవటం చూశాను పున్నీ అన్నది.

బసవపున్నమ్మని పున్నీ అని పిలిచింది లోకంలో ఒక్కతే, ఆ తోడికోడలు. ఆమె పోయాక ఆ పేరు ఎవరి నోటా రాలేదు, కొడుకు యలమందకే తెలియదు తల్లికి అట్టాంటి పేరు ఉందని. ఆ ఇంటికి వచ్చి అయిదేళ్ళయిన కోడలికి ఎట్టా తెలిసిద్ది? బసవపున్నమ్మ ఉన్నచోటే కూర్చుండిపోయింది. అక్కా, నాకప్పుడు పదహారేళ్ళే అక్కా, అత్తకి ఎదురు చెబితే నన్ను ఉండనిచ్చేదా అక్కా అని నేలకి తల కొట్టుకుని ఏడ్చింది. పాతికేళ్ళు కడుపులో పెట్టుకుని తిరిగింది ఆ చెంబుని, అదే చెంబు మళ్ళీ అదే అటక మీద పెట్టింది, చేసేది ఏంటో తనకే తెలియకుండా. లేచి పోయి, నిచ్చెన వేసుకుని, తనే ఆ చెంబు దించి, తోమి, నీళ్ళు నింపి తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. యలమంద అప్పుడు వచ్చి పిల్లోడిని ఎత్తుకున్నాడు, వాణ్ణి ఎట్టా పట్టుకోవాలో తెలియక గోతం పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

డాక్టరమ్మ ఏమన్నదంటే, ఇది జబ్బు, కొంతమంది తల్లులకి కాన్పు తర్వాత వస్తది, మొదటి కాన్పుకి రాకపోయినా రెండోదానికి రావచ్చు, సిగ్గుపడేది కాదు, తప్పు ఎవరిదీ కాదు అన్నది. ఆ ఆఖరి ముక్క మాత్రం నేను ఒప్పుకోను. జబ్బు రావటం ఎవరి తప్పూ కాకపోవచ్చు, పిల్ల నోరు తెరిచి చెబితే వినకపోవటం ఎవరి తప్పు? వీపు మీద వేపమండ వాతలు చూసి ఇవేంటమ్మా అని ఆవిడే కదా అడిగింది. మందులు ఇచ్చింది, నీళ్ళు ఎన్నిసార్లు తాగాలో చెప్పింది, నెలకోసారి రమ్మన్నది. మంత్రం వేసినట్టు తగ్గిపోయిందని చెబితే అబద్ధం. తల్లి వచ్చింది, రాత్రిళ్ళు పడుకోనిచ్చారు, అయినా ఎన్నో రోజులు నల్లమబ్బు కమ్మినట్టే ఉండేది. ఉగాది దాటాక ఒకరోజు పొద్దున పిల్లోడికి నూనె రాస్తుంటే వాడు నవ్వాడంట, ఆ నవ్వు పక్కింటిది కాదు, తనదే, తనని చూసే నవ్వాడని తెలిసిందంట. ఆ రోజు ఇంటి వెనక బావిలో చేద వేసి, ఎవరూ పాట పాడకుండా, తనే నీళ్ళు తోడుకుంది.

అది నాంచారమ్మ నాటకమా, నిజంగా చెంచమ్మేనా అంటే నేను చెప్పలేను. నేనే ఒకసారి అడిగాను. అక్కా, పున్ని అన్న పేరు నాకెవరు చెప్పి ఉంటారో నువ్వే చెప్పు అని నవ్వి కాయ కోసుకుంది. ఆ తర్వాత మన ఊళ్ళో ఎంతమంది బాలింతలకి చెంచమ్మ పట్టిందో తెలుసా, నాకు తెలిసి ఏడుగురు, ఏడుగురూ నీళ్ళూ నిద్రా తల్లీ డాక్టరమ్మా, అవే అడిగారు, ఇచ్చారు. గురవయ్య ఇంక బాలింతల జోలికి రానని చెప్పేశాడు, ఒక్క కోడీ దక్కటం లేదని.

మరి ఇప్పుడో? ఇప్పుడు మీరంతా చదువుకున్నారు, ఆసుపత్రుల్లో కంటున్నారు, దెయ్యాల్లేవు గియ్యాల్లేవు అంటున్నారు. మంచిదే. నీళ్ళు కూడా ఇస్తున్నారు, సీసాలకి సీసాలు. కానీ ఆడపిల్ల నాకు బాగాలేదు అంటే వినటం వచ్చిందా మీకు? రాలేదు. అప్పటి ఆడదానికి కనీసం దెయ్యం పట్టేది, ఆ పేరుతో అడిగి సాధించుకునేది. ఇప్పుడు ఆ దారి కూడా మూసేశారు గదరా, ఏ పేరు పెట్టుకుని అడగాలి మీ పెళ్ళాలు?

ఏంది ఏడుకొండలూ, లేస్తున్నావా. లే నాయనా, నీ కాయలకి నేను తొడాలు తీస్తాలే. పోయేటప్పుడు డొంక దారిన మాత్రం పోబాక, దగ్గరని. మీకందరికీ చెబుతున్నా, ముఖ్యం మగాళ్ళకి. చెంచమ్మ మనిషిని ఏం చెయ్యదు, గొంతు పట్టదు, వెంట పడదు. ఒర మీద కూర్చుని ఒకటే మాట అడుగుతది, మీ ఇంట్లో బాలింత తిన్నదా అని. తిన్నదో లేదో తెలిసినవాడు ఏ దారిన పోయినా ఫర్వాలేదు. తినే ఉంటదిలే అనేవాడు మాత్రం ఆ బావి వైపు పోకపోవటమే మంచిది.